ఇరవై రెండు టిక్కులు

రాజరాజేశ్వరి పొద్దున్నే బాత్రూములో చీమల బారు చూసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. మొన్ననే చీమల చాక్‌పీసుతో గడప పొడుగునా గీత గీసింది. నిన్న పసుపు చల్లింది. అయినా ఆ ఎర్రచీమలు కిటికీ సందులోంచి దిగి, గోడ వెంట మలుపు తిరిగి, తిన్నగా కమోడ్ చుట్టూ గుంపు కట్టాయి. పంచదార డబ్బా వంటింట్లో ఉంది. బెల్లం అటక మీద ఉంది. మరి వీటికి ఇక్కడ విందు చేస్తున్నదెవరో!

"ఏవండీ, ఈ చీమల సంగతి చూశారా?" అని కేకేసింది.

"మే నెల ఎండలు కదా రాజేశ్వరీ. వాటికి మాత్రం దాహం వెయ్యదా?" అన్నాడు కుక్కుటేశ్వరరావు హాల్లోంచి. అంటూనే చెంబెడు నీళ్లు గటగటా తాగేశాడు. లేచిన దగ్గర్నుంచి అది మూడో చెంబు.

కుక్కుటేశ్వరరావుకి పాలకొల్లు బజారులో చేపల మేత దుకాణం ఉంది. ముప్పై ఏళ్ల వ్యాపారం. తమాషా ఏంటంటే, ఆయన జన్మలో చేప ముక్క నోట పెట్టి ఎరగడు. వీధిలో చేపల బుట్ట వెళ్తుంటే తలుపులు మూసుకునే ఇంట్లో పుట్టాడు. కానీ గట్టు మీద నిలబడి నీళ్ల రంగు చూశాడంటే, అడుగున చేప ఆకలితో ఉందో అజీర్తితో ఉందో చెప్పేస్తాడు. చుట్టుపక్కల రైతులందరికీ శెట్టిగారి మాట మీద గురి. ఆ మాట మీద ఆయనకున్న గురి అంతకు రెండింతలు.

వాష్‌బేసిన్ దగ్గర టిక్కు టిక్కుమని చప్పుడు మొదలైంది. రాజరాజేశ్వరి వంటింట్లోకి వచ్చి, పెసరట్ల పిండి కలుపుతూ అలవాటు ప్రకారం లెక్కపెట్టింది. ఇన్సులిన్ పెన్ను చివర తిప్పితే యూనిట్‌కో టిక్కు వస్తుంది. ఆయనకి పొద్దున పూట ఇరవై రెండు యూనిట్లు. ఆరేళ్ల కిందట డాక్టరుగారు ఇన్సులిన్ రాసినప్పుడు, "నా పొట్టలో నేనే పొడుచుకుంటాను, ఎవరూ చూడకూడదు" అని ఆయన షరతు పెట్టాడు. "ఇరవై రెండు టిక్కులు నా చెవిన పడితేనే మీకు టిఫిను" అని ఈవిడ షరతు పెట్టింది. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు. సరిపోయింది. ఈ ఇంట్లో తన చెవి దాటి ఏదీ పోదని ఆవిడకి గట్టి ధీమా.

"అమ్మలుని తీసుకొచ్చేస్తా," అంటూ ఆయన కారు తాళాలు తీసుకుని స్టేషనుకి బయల్దేరాడు. ఈ మధ్య బాగా సన్నబడ్డాడు. బజారులో అందరూ "శెట్టిగారూ, పదేళ్లు తగ్గిపోయారండీ" అంటుంటే మురిసిపోతున్నాడు. రాత్రి భోజనం మానేశాడు. మండలం దీక్ష పట్టానన్నాడు. ఏ స్వామికండీ అని అడిగితే, "పూర్తయ్యాక చెప్తాగా" అని నవ్వాడు.

ఆ అమ్మలు, అంటే ఒక్కగానొక్క కూతురు ప్రసన్నలక్ష్మి, హైదరాబాదులో ఐదేళ్లుగా పరిశోధన చేస్తోంది. వేలెడంత కూడా లేని చారల చేపల మీద పని. జీబ్రా చేపలంటారు. వాటి కడుపులో ఇన్సులిన్ తయారుచేసే కణాలని మందుతో చంపేస్తే, రెండు వారాల్లో అవి మళ్లీ పుట్టుకొస్తాయి. మనిషికి అలా రావు. ఎందుకు రావు, ఎలా రప్పించాలి అన్నదే ఆ పిల్ల చదువు. చుట్టాలంతా "చేపల చదువట" అని నవ్వారు. నవ్వనిది తండ్రి ఒక్కడే. మొదటి ఏడాది కొత్త తొట్టెలో చేపలు చచ్చిపోతున్నాయని పిల్ల ఏడిస్తే, ఈయన ఫోనులోనే "నీళ్లు కుళాయివా? క్లోరిన్ పోయేదాకా నిలవుంచారా?" అని అడిగి గండం గట్టెక్కించాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం తండ్రీకూతుళ్లకి గంటసేపు చేపల కబుర్లే.

చేతికి పిండి అంటితే కడుక్కుందామని రాజరాజేశ్వరి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లింది. కుళాయి తిప్పబోయి ఆగింది. ఏదో వాసన. ఫినాయిలు కాదు, సబ్బు కాదు. కట్లు కట్టే గదిలో వచ్చే ఆసుపత్రి వాసన. ఆ వాసన తనకి తెలుసు. ఒకసారి ఇన్సులిన్ సీసా చేతిలోంచి జారి వంటింటి గచ్చు మీద పగిలితే, రెండు రోజులు ఇల్లంతా ఇదే కొట్టింది.

ఒంగి, కన్నం దగ్గర ముక్కు పెట్టి చూసింది. అనుమానం లేదు.

అప్పుడు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. చెంబులకి చెంబులు నీళ్లు. గంటకోసారి బాత్రూము. వదులైపోయిన చొక్కాలు. చీమలు! షుగరు ఎక్కువైన వాళ్లు పోసిన చోట చీమలు చేరతాయని అత్తగారు చెప్పేది. రాజరాజేశ్వరి ఫ్రిజ్ తలుపు తీసి పెన్ను చూసింది. మందు ఎంత తగ్గాలో అంతే తగ్గింది. రోజూ ఇరవై రెండు టిక్కులు తిప్పి, ఇరవై రెండు యూనిట్లూ బేసిన్‌లోకి వదిలేస్తున్నాడన్నమాట ఈ మహానుభావుడు!

*

స్టేషను నుంచి కారు వచ్చింది. ప్రసన్నలక్ష్మి దిగీదిగగానే వంటింట్లోకి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నాన్నగారేంటి ఇలా అయిపోయారు? మెడ ఎముకలు కనిపిస్తున్నాయి!"

"తెలుసు. ముందు ఆయన్ని టిఫిను తిననీ. తర్వాత మాట్లాడదాం."

"ఇంకోటి. సెంటర్లో ఆ ఫ్లెక్సీ ఏంటమ్మా? నా ఫొటో వేసి, షుగరుకి శాశ్వత పరిష్కారం కనుగొన్న పాలకొల్లు ముద్దుబిడ్డ అని రాశారు. నేనేం కనుగొన్నానని?"

"రేపు నీకు సన్మానం అంటే వర్తక సంఘం వాళ్లు శాలువా కప్పుతారనుకున్నాను. ఫ్లెక్సీ సంగతి నాకు తెలీదే."

కుక్కుటేశ్వరరావు మంచి హుషారు మీదున్నాడు. రెండు పెసరట్లు, వాటి మీద ఉప్మా, పైన అల్లం పచ్చడి. తింటున్నంతసేపూ రేపటి సభ గురించే. మైకు ఎవరు పెడుతున్నారు, శాలువా ఏ రంగు, అధ్యక్షుడుగారు ఏం మాట్లాడతారు. "చివర్లో నేనొక మాట చెప్తాను అమ్మలూ. హాలంతా లేచి నిలబడుతుంది చూడు!" అన్నాడు. ప్రసన్నలక్ష్మి అట్టు ముక్క తుంపి పక్కన పెట్టింది, మళ్లీ తుంపింది, ఒక్కటీ నోట పెట్టలేదు. రాజరాజేశ్వరి పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ నోరు మూసుకుందంటే మంచి సూచన కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఆ రోజు ఆయనకి తప్ప.

టిఫిన్లయిన గంటకి ఆవిడ షుగరు చూసే మిషను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"చెయ్యి ఇవ్వండి."

"పొద్దున ఐదింటికే చూసుకున్నాను. నూట ఎనభై. నా వయసుకి అదేం ఎక్కువ కాదు."

"ఇప్పుడు చూద్దాం."

"ఇప్పుడెందుకే?"

"ఎందుకంటే, ఇన్నాళ్లూ ఇన్సులిన్ వేసుకుంటున్నది మన వాష్‌బేసిన్. దానికి తగ్గిందని నాకు తెలుసు. మీకు తగ్గిందో లేదో చూడాలి."

ప్రసన్నలక్ష్మి ఒక్క ఉదుటున లేచి నిలబడింది. కుక్కుటేశ్వరరావు మాత్రం దొంగ దొరికినట్టు మొహం పెట్టలేదు. పైగా నవ్వాడు. లోపలికి వెళ్లి బీరువాలోంచి ఒక పొడుగు పుస్తకం తెచ్చాడు. దుకాణంలో రైతులకి ఊరికే ఇచ్చే చెరువు రికార్డు పుస్తకం అది. రోజు, మేత, నీటి రంగు, వ్యాఖ్యలు అని గళ్లు కొట్టి ఉంటాయి.

"రేపు చెబుదామనుకున్నాను. మీ అమ్మ ఆగనివ్వదు కదా! చూడు తల్లీ. ఒకటో రోజు, మేత బంద్. మేతంటే ఇన్సులిన్. నీటి రంగు, లేత పసుపు. పదో రోజు, బరువు రెండు కేజీలు తగ్గుదల. ఈ రోజు నలభై. రేపటికి మండలం పూర్తి."

"నాన్నగారూ," అంది ప్రసన్నలక్ష్మి. "ఎందుకు చేశారు?"

"నువ్వు చెప్పిందే కదమ్మా! పాత కణాలు మొత్తం పోయాకే చేపకి కొత్తవి పుట్టాయన్నావు. నేనాలోచించాను. పాత చేప పట్టకుండా మనం కొత్త పిల్ల వదులుతామా? చెరువు తోడేసి, అడుగు బీటలు తీసేదాకా ఎండగట్టి, అప్పుడు కదా నీళ్లు పెడతాం! నాలో సగం చచ్చిన కణాలున్నాయి. వాటికి రోజూ బయటనుంచి ఇన్సులిన్ పోసి పోషిస్తున్నాం. ఇంక కొత్తవెందుకొస్తాయి? అందుకే ఎండగట్టాను. నీ చేపకి పద్నాలుగు రోజులు. మనిషిని కదా, నాకు నలభై ఒకటి పెట్టుకున్నాను. రేపు సభలో, ఇదిగో మా అమ్మాయి చదువుకి నేనే రుజువు అని చెప్పాలని..."

ఆయన కళ్లలో ఎంత వెలుగు! సూదంటే భయపడి మానేశాడేమో అనుకుంది రాజరాజేశ్వరి ఇంతవరకు. తన కోసం కాదు, కూతురి కోసం చేశాడు ఈ పిచ్చి పని. అయినా మెత్తబడకుండా ఆయన వేలు లాక్కుని పొడిచింది. మిషను ఐదు సెకన్లు ఆలోచించి అంకె చూపించింది. ఐదు వందల పన్నెండు.

"మేత మార్చినప్పుడు చెరువు కాస్త కలక బారుతుంది," అన్నాడు కుక్కుటేశ్వరరావు. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

ప్రసన్నలక్ష్మి తండ్రి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మొహం పాలిపోయింది గానీ మాట మాత్రం తడబడలేదు.

"నాన్నగారూ, ఒక రైతు మీ దగ్గరికొచ్చి, మధ్యాహ్నం రెండింటికి ఆక్సిజన్ చూశానండి, బ్రహ్మాండంగా ఉందండి, నీళ్లలో గాలి కొట్టే ఏరేటర్లు తీసేస్తానండి అంటే ఏమంటారు?"

"బుద్ధుందా అంటాను. ఎండలో ఏ చెరువుకైనా ఆక్సిజన్ ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి చూడాలి. అప్పుడు కదా చేప..." ఆయన ఆగిపోయాడు.

"అప్పుడు కదా చేప ఊపిరాడక నోరు తెరుచుకుని పైకి తేలేది. మరి మీరు షుగరు ఎప్పుడు చూసుకున్నారు? రాత్రి తిండి మానేసి, పొద్దున్నే ఖాళీ కడుపున. ఈ నలభై రోజుల్లో ఒక్కసారైనా తిన్నాక చూశారా? బాగుండే వేళ చూసుకుని బాగుందని రాసుకున్నారు. ఇదే పని మీ రైతు చేస్తే దుకాణం మెట్లెక్కనిచ్చేవారా?"

కుక్కుటేశ్వరరావు పుస్తకం మూశాడు. మళ్లీ తెరిచాడు. "మరి నీ చేపలకి వచ్చాయి కదా తల్లీ? అది అబద్ధమా?"

"నిజమే. చేప తోక తెగితే తోక మొలుస్తుంది, గుండె చెక్కితే గుండె మొలుస్తుంది. దాని పుట్టుకే అంత. మేం చేసిన కొత్త మందు ఆ పనిని ఇంకాస్త తొందరగా చేయించింది. అదే మందు ఎలుకలకి ఇచ్చాం. వాటికి కొత్త కణాలు రాలేదు."

"ఎప్పుడిచ్చారు?"

"మూడు నెలలైంది."

"ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నానుగా! బాగుంది నాన్నగారూ అంటూనే ఉన్నావుగా!"

"ఎలా చెప్పను? మీరు బజారంతా చెప్పేశారు. నన్ను చూసి నవ్వినవాళ్లందరికీ ఇళ్లకెళ్లి మరీ చెప్పారు. రాలేదని ఏ నోటితో చెప్పను? ఇక ఈ చదువే మానేద్దామనుకుంటున్నాను. ఒక కంపెనీలో ఉద్యోగం చూసుకున్నాను. ఈసారి వచ్చింది మీకా మాట చెప్పడానికే." తండ్రి చేతిలో పుస్తకం తన వైపు లాక్కుంది. "అప్పుడే చెప్పుంటే మీరిది మొదలెట్టేవారు కాదు. నాన్నా, మిమ్మల్ని నేనే చంపుకునేదాన్ని!"

తండ్రి తల పట్టుకున్నాడు, కూతురి కంట నీరు ఆగలేదు. ఇంట్లో ఇద్దరూ కూలబడితే మూడో మనిషి నిలబడాలి.

"చాలు!" అంది రాజరాజేశ్వరి. "ఈయన మేలు కోరి ఆవిడ దాచింది, ఆవిడ పేరు కోరి ఈయన దాచాడు. మధ్యలో నేనో తెలివైనదాన్ని, చెవులు రిక్కించి నలభై రోజులు టిక్కులు లెక్కపెట్టాను! ముగ్గురం ముగ్గురమే. లేవండి, ఆసుపత్రికి." చెప్పులు వేసుకోబోతూ ఎందుకో ఆగింది. ఆయన మనస్తత్వం ముప్పై ఏళ్లుగా తెలిసిన మనిషి. తెలిసింది నలుగురికి చెప్పందే ఆయనకి నిద్ర పట్టదు. "ఏవండీ, ఈ ఎండగట్టడం సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

కుక్కుటేశ్వరరావు మొహంలో రంగు మారిపోయింది. ఐదు వందల పన్నెండు చూసినప్పుడు కూడా అలా మారలేదు.

"ఏసుపాదానికి చెప్పాను," అన్నాడు.

ఏసుపాదం కాలువ అవతల రెండెకరాల చెరువు చేసుకునే రైతు. పదిహేనేళ్లుగా శెట్టిగారు మేత పెట్టమంటే పెడతాడు, ఆపమంటే ఆపుతాడు. అతనికీ ఇన్సులినే. రాజరాజేశ్వరి ఆయన ఫోనులోంచి నంబరు కలిపి స్పీకర్ పెట్టింది. అతని భార్య రాజరత్నం ఎత్తింది.

"ఆయ్, శెట్టిగారండీ! మీకే చేద్దామనుకుంటున్నానండి. రాత్రి నుంచి ఒకటే వాంతులండి. ఇప్పుడు పిలిస్తే ఊఁ అంటున్నారు గానీ కళ్లు తెరవట్లేదండి. ఊపిరి పెద్దపెద్దగా తీస్తున్నారండి. మీరు చెప్పారు కదా అని సూదులన్నీ తీసి అటక మీద పెట్టేశామండి, పదకొండు రోజులైందండి. ఇలాగే ఉంటుందా అండి మొదట్లో?"

ఆవిడ గొంతులో కోపం లేదు. చెరువుకి సున్నం ఎంత వెయ్యాలండీ అని అడిగినట్టే అడిగింది. ఆ నమ్మకమే కుక్కుటేశ్వరరావుని నిలువునా కూల్చేసింది.

"రాజరత్నం గారూ, ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పొయ్యకండి. పది నిమిషాల్లో వస్తున్నాం," అని చెబుతూనే ప్రసన్నలక్ష్మి కారు తాళాలు అందుకుంది. కళ్లలో నీళ్లు ఎప్పుడు ఇంకిపోయాయో ఆ పిల్లకే తెలీదు.

"ముందు అతన్ని ఎక్కిద్దాం," అన్నాడు కుక్కుటేశ్వరరావు కారులో. దారి పొడుగునా ఆయన నోట వచ్చింది ఆ మాటొక్కటే. "నేను తర్వాత. ముందు అతన్ని చూడమను."

*

ఇంకో పూట ఆలస్యమైతే ఏసుపాదం దక్కేవాడు కాదని డాక్టరమ్మగారు మొహం మీదే చెప్పింది. కుక్కుటేశ్వరరావుని కూడా వదల్లేదు. "చదువుకున్న కూతురు, ఇంట్లో ఫ్రిజ్ నిండా మందు. మీకేం రోగమండీ?" అని కడిగేసింది. ఇద్దరికీ పక్కపక్క మంచాలు పడ్డాయి, ఇద్దరికీ సెలైన్లు ఎక్కాయి. ఈయన ఆ రోజంతా పక్క మంచం వైపు తిరిగి, అతని ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూనే పడుకున్నాడు. సంఘం అధ్యక్షుడు ఫోను చేస్తే రాజరాజేశ్వరే ఎత్తి, "సభ వాయిదా వెయ్యండి. ఎందుకో ఆయనే చెప్తారు," అంది.

మర్నాడు పొద్దున ఏసుపాదం కళ్లు తెరిచాడు. మొహానికి ఆక్సిజన్ గొట్టం ఉంది. మెల్లగా తల తిప్పి పక్క మంచం చూసి ఆశ్చర్యపోయాడు.

"శెట్టిగారండీ! అయ్యయ్యో, మీక్కూడానా అండీ?"

అంతే. కుక్కుటేశ్వరరావు పెద్దపెట్టున ఏడ్చేశాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో రాజరాజేశ్వరి ఆయన అలా ఏడవడం చూడలేదు.

"నన్ను క్షమించు ఏసుపాదం. తెలిసీ తెలియని మాట చెప్పి నీ ప్రాణం మీదికి తెచ్చాను."

"ఊరుకోండి. చేప తేలింది గానీ చావలేదు కదండీ," అన్నాడు ఏసుపాదం, మొహం మీది గొట్టం చూపిస్తూ. "ఏరేటర్ పెట్టేశారు కదండీ టైముకి. అమ్మాయిగారు పెట్టించారట." రాజరత్నం ఏడుస్తూనే నవ్వింది.

ఆ సాయంత్రం కుక్కుటేశ్వరరావు కూతుర్ని దగ్గరికి పిలిచి, చెరువు రికార్డు పుస్తకం చేతిలో పెట్టాడు. ఇంటి నుంచి దాన్ని రాజరాజేశ్వరి చేతే తెప్పించాడు.

"ఇది నీ దగ్గర ఉంచు."

"ఎందుకు నాన్నగారూ? చింపి పారేద్దాం."

"చింపకూడదు. దెబ్బతిన్న ఏడాది రికార్డే ముందు తియ్యమంటాను నేను మా రైతుల్ని. బాగా పండిన ఏడాది పుస్తకంలో ఏముంటుంది, గొప్పలు తప్ప? ఎక్కడ పోయిందో దెబ్బతిన్నదాంట్లోనే దొరుకుతుంది. నీ ఎలుకల రికార్డు పారేశావా?"

"లేదు."

"ఎందుకు రాలేదో తెలిసిందా?"

ప్రసన్నలక్ష్మి తల దించుకుంది. "కొంచెం తెలిసింది. కణాలు పుట్టడం మొదలెడుతున్నాయి, కానీ నిలబడకుండా చచ్చిపోతున్నాయి. మొదట్లో మేం పుట్టనే లేదనుకున్నాం."

"చేపపిల్ల పడి, నిలబడట్లేదన్నమాట!" కుక్కుటేశ్వరరావు మంచం మీద లేచి కూర్చోబోయాడు. రాజరాజేశ్వరి భుజం పట్టి పడుకోబెట్టింది. "అది వేరే జబ్బు తల్లీ! పిల్ల పడకపోవడం వేరు, పడి నిలవకపోవడం వేరు. పిల్ల పడిందంటే చెరువు మంచిదే. అది తెలిశాక గట్టు దిగి ఉద్యోగానికి పోతానంటావేంటి?"

"ఇంకో నాలుగేళ్లు పట్టొచ్చు నాన్నగారూ. పదేళ్లు పట్టొచ్చు. అప్పటికీ రాకపోవచ్చు."

"పట్టనీ. నేను బుద్ధిగా సూది వేసుకుంటూ కూర్చుంటాను. కానీ ఒక్క షరతు. రాలేదన్న రోజు రాలేదని నాకు ఫోను చెయ్యి. ముందు నాకే చెయ్యి."

ఆ పిల్ల తండ్రి అరచేతిలో మొహం పెట్టుకుని, "చేస్తాను," అంది. రాజరాజేశ్వరికి గుండెల మీంచి బరువు దిగింది.

*

మూడు వారాల తర్వాత ఆదివారం పొద్దున సభ. టిఫిన్లకి ముందే మొదలెట్టాలని కుక్కుటేశ్వరరావు పట్టుబట్టాడు. పాత ఫ్లెక్సీ దగ్గరుండి దింపించాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక రోజూ భార్య ఎదురుగా కూర్చుని సూది వేసుకుంటున్న మనిషి, ఆ రోజు మాత్రం పెన్ను చొక్కా జేబులో పెట్టుకుని, "అక్కడ వేసుకుంటా" అన్నాడు. రాజరాజేశ్వరికి ఒళ్లు మండింది. మళ్లీ మొదలైందా ఈయనకి అనుకుంటూ ముందు వరసలో కూర్చుని, జేబు మీంచి చూపు తిప్పలేదు.

శాలువా కప్పారు. అధ్యక్షుడు నాలుగు ముక్కలు మాట్లాడాడు. కుక్కుటేశ్వరరావు లేచి మైకు పట్టుకున్నాడు.

"అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి షుగరుకి మందు కనిపెట్టిందని మీ అందరికీ చెప్పింది నేనే. అది అబద్ధమండి. కనిపెట్టలేదు."

హాల్లో గుసగుసలు ఆగిపోయాయి.

"ఇంకా వెతుకుతోందండి. చేపకి పనిచేసింది, ఎలుకకి చెయ్యలేదు. చెయ్యలేదని ఒప్పుకుని మళ్లీ మొదటినుంచి వెతకడానికి ఎంత గుండె కావాలో నాకు ఈ మధ్యే తెలిసింది. ఈ శాలువా దానికండి. ఇక నా సంగతి. నలభై రోజులు ఇన్సులిన్ మానేసి, నా తెలివి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. నన్ను నమ్మిన మనిషిని కూడా తీసుకెళ్లింది." మూడో వరసలో కూర్చున్న ఏసుపాదం వైపు చూసి చేతులు జోడించాడు. "ఈ హాల్లో సగం మందికి షుగరుందని నాకు తెలుసు. నా మాట విని ఎవరైనా సూది మానేసి ఉంటే, ఇప్పుడు నా చేత చూసి మళ్లీ మొదలెట్టండి. ఇన్నేళ్లూ నేనిది దాచుకుని వేసుకున్నానండి. దాచుకోబట్టే మోసం చెయ్యగలిగాను."

జేబులోంచి పెన్ను తీశాడు. సూది బిగించాడు. చివర పట్టుకుని తిప్పడం మొదలెట్టాడు. పెన్ను మైకు పక్కనే ఉంది. టిక్కు, టిక్కు అని హాలు నాలుగు మూలలా మోగింది. ఒక్కరు కూడా కదల్లేదు. రాజరాజేశ్వరి పెదాలు వాటంతటవే కదిలాయి. పద్దెనిమిది, పంతొమ్మిది. పక్కన ప్రసన్నలక్ష్మి తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు.

కుక్కుటేశ్వరరావు చొక్కా పైకెత్తాడు. మూడో వరసలో ఏసుపాదం కూడా లేచి, "నాకూ టైమైందండి" అంటూ సంచీలోంచి తన పెన్ను తీశాడు. ఎవరో నవ్వారు, ఎవరో చప్పట్లు మొదలెట్టారు.

రాజరాజేశ్వరికి ముందున్నదంతా మసకేసింది. అయినా ఈసారి చెవిని నమ్మదలుచుకోలేదు. కొంగుతో గబగబా కళ్లు తుడుచుకుని, సూది లోపలికి దిగేదాకా చూసింది.